కాళ్ళు కడుక్కుని రండి

రాజోలు తాలూకాలో కాలవ గట్టు మీద ఒక పేట. ఎనభై రెండో సంవత్సరం, మంచి శుక్రవారానికి ముందు బుధవారం, పొద్దు వాలే వేళ. అరుగు మీద ముసలి ఎలీసమ్మ. పక్కన కొబ్బరిపీచు తాడు పేనుతూ ఆమె కోడలు సత్తెమ్మ. ఎదురుగా సంఘపెద్ద, హైస్కూలు సైన్సు మాస్టారు సుందరరావు.

"అది కాదు ఎలీసమ్మ పెద్దమ్మా, నేననేదేంటంటే, రేపు ఎండ ఎలా కాస్తుందో ఎవరు చూసేరు? మీ ఒంటికి పడాలి కదా."

"కాళ్ళు కడిగే ఆరాధన సాయంత్రం కదండీ మాస్టారూ. దీపాలు పెట్టే వేళకి ఎండేంటండీ?"

"నువ్వుండు సత్తెమ్మా. నేను మీ అత్తగారితో మాట్లాడుతున్నాను."

"మాట్లాడండి, నేనొద్దన్నానా? చేతిలో తాడుంది గానీ చెవులు ఖాళీయేనండి."

"కోడలా, ముందు మాస్టారికి పీటెయ్యి. పాపం, నిలబడే మాటాడతన్నారు."

"వేసేనత్తా. ఆయనే కూర్చోవట్లేదు. కూర్చుంటే చెప్పాల్సొస్తుంది."

"ఏం చెప్పాల్సొస్తుంది? చెప్పేదేముంది? ఇదిగో, కూర్చున్నాను. ఏం లేదు పెద్దమ్మా, గుడి మెట్లు కొత్తగా కట్టించేం. ఎత్తు కాస్త ఎక్కువైంది. మీరెక్కలేరేమోనని…"

"చెరో రెక్కా పట్టుకుంటామండి, నేనూ మా పిల్ల సలోమీ."

"జనం కూడా ఎక్కువేనమ్మా. రాజమండ్రి నుంచి పెద్దలొస్తున్నారు. మామిడికుదురు సంఘం వాళ్ళు కూడా వస్తామన్నారు. తొక్కిసలాట."

"ముందు వరసలో కుర్చీలేసి కూర్చోబెడతామని మన పాస్టరు దానియేలు అయ్యగారే చెప్పేరు కదండీ. కుర్చీలో కూర్చున్న మనిషిని ఎవరు తొక్కుతారు?"

"ఫోటోలు తీసేవాడిని కూడా పిలిచేం సత్తెమ్మా. అమలాపురం నుంచి వస్తున్నాడు."

"అందుకే కదండీ మేం మరీ వస్తున్నాం. ఆ ఫోటో ఒకటి అడిగి తీసుకోవాలి. మస్కట్‌లో ఉన్న మా ఆయనకి పంపాలి. మా అమ్మ కాలు హైస్కూలు మాస్టారు వంగి కడిగేరని ఆయన కాంపులో అందరికీ చూపించుకుంటాడు."

"అదే… ఆ ఫోటో సంగతే…"

"ఏమండీ, ఫోటోలో బోదకాలు పడకూడదా?"

"ఛ, ఛ! ఏం మాటలవి? నేనలా అన్నానా? పెద్దమ్మా, నేనలా అన్నానా?"

"మీరేం అన్లేదు బాబూ. ఇందాకట్నుంచీ మీరేటీ అన్లేదు. రావద్దంటన్నారు. అంతే కదా?"

"రావద్దని కాదు పెద్దమ్మా!"

"రమ్మనీ కాదు."

"అది… మీ సౌకర్యం చూసుకుని…"

"ఆయ్, రాను లెండి. ఇంతోటి మాటకి సైకిలు తొక్కుకుని వచ్చేరా? పిల్లల్నెవర్నైనా పంపితే సరిపోయేది కదండీ. కోడలా, మాస్టారికి కొబ్బరినీళ్ళు కొట్టియ్యి, మొహం చూడు ఎలా చెమట్లు పట్టిందో."

"కొబ్బరినీళ్ళు కాదు, నేను వేరే ఇస్తాను. రాకపోవడమేంటత్తా? చీటీ తీసేరు. సంఘం అంతా చూస్తుండగా తీసేరు. సండేస్కూలు పిల్ల చందా సంచిలో చెయ్యి పెట్టి పన్నెండు పేర్లు తీస్తే అందులో నీ పేరుంది. పన్నెండుమంది పెద్దల్లో నీ కాలు కడిగే వంతు సుందరరావు మాస్టారికొచ్చింది. అది ప్రభువు చిత్తం అని ఈయనే కదా గట్టిగా చదివేరు? ఆదివారం ప్రభువు చిత్తం, బుధవారానికి మీ సౌకర్యమా?"

"గట్టిగా అరవకు సత్తెమ్మా. రోడ్డు మీద జనం వెళ్తున్నారు."

"వెళ్ళనివ్వండి. మీకు ఫోటోవాడంటే భయం, రోడ్డు మీద జనమంటే భయం. పీచు నానేసే గుంటల షావుకారు కూడా ఇలాగే అన్నాడండి, 'మెల్లగా మాట్లాడు సత్తెమ్మా' అని. ఆడకూలి పెంచేదాకా మెల్లగా మాట్లాడేనా నేను?"

"నాకు తెలుసమ్మా నీ సంగతి. నువ్వా గుంట దగ్గర పోరాడేవు, అందరం మెచ్చుకున్నాం. ఇది గుడి."

"గుడైతే అబద్ధం మెల్లగా ఆడాలా అండి?"

"కోడలా!"

"నువ్వుండత్తా. మాస్టారూ, ఒకటడుగుతాను. ఆ పన్నెండుమందికీ మీరు కబురు పెట్టేరంట కదా, రేపు అందరూ కాళ్ళు కడుక్కుని రండి అని?"

"శుభ్రత కోసం చెప్పేం. అందులో తప్పేముంది?"

"కడుక్కుని వచ్చిన కాళ్ళని మళ్ళీ కడగడమేంటండీ? ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగే ముందు చెప్పి పంపించేడా, సబ్బెట్టి తోముకుని రండి, అప్పుడు నేను నడుం వంచుతానని? ఆ పన్నెండుమందిలో సూరిబాబుగారు పక్కూరు నగరం నుంచి మంగలిని పిలిపించి గోళ్ళు తీయించుకున్నారంట. మడమలకి కొబ్బరినూనె, పైన పౌడరంట. ఆ కాళ్ళకి రేపు నీళ్ళు పోస్తే పౌడరు తేలుద్దండి పళ్ళెంలో. అది తప్ప ఇంకేం తేలదు."

"హహ్హ… ఊరుకో కోడలా. పాపం సూరిబాబు కాళ్ళు పగుళ్ళు. నూనె రాసుకోక ఏం చేత్తాడు?"

"నవ్వకత్తా. నీకు నవ్వెలా వస్తుంది? నిన్ను రావద్దంటున్నాడు ఈయన."

"వినపడిందమ్మా. నాకు కాలు బరువు గానీ చెవులు బరువు కాదు. మాస్టారూ, నేనూ కడుక్కుంటన్నానండి. రేపటికి వాసన తగ్గాలని రోజూ వేపాకు వేసి కడుగుతున్నా… అదే, కడిగించుకుంటన్నా. చిటికెన వేలు పక్కన పుండొకటి, అదే మానట్లేదు. కాత్త రసి కారతాది. మీరు ఒంగినప్పుడు మొహానికి దగ్గరగా ఉంటాది కదా, ఈయనెలా ఓర్చుకుంటారా అని నాకూ బెంగగానే ఉంది."

"పెద్దమ్మా, అలా అనకండి."

"ఉన్నమాటే కదా బాబూ. అయితే ఒకటి చెప్తాను, నవ్వుకోకండి. ఆదివారం నా పేరు చదివేరు కదా, నేను తలుపు పక్కన కూర్చుని ఉన్నాను. నేనెప్పుడూ అక్కడే కూర్చుంటాను, మీకు తెలుసు కదా, గాలి బయటికి పోతాదని. ప్రభువు బల్ల దగ్గరకి కూడా అందరూ అయిపోయాక ఆఖర్న లేత్తాను. నా పేరు చదివేసరికి ఇంకెవరైనా ఎలీసమ్మ ఉందా అని అటూ ఇటూ చూసేను. ఉంటే ఆవిడ లేత్తాది కదా అని. ఎవరూ లెగలేదు. అప్పట్నుంచీ నిద్ర పట్టలేదండి. ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలి, చీర ఎంతవరకూ ఎత్తాలి, మొహం ఎటు పెట్టుకోవాలి, ఇవే ఆలోచనలు. ముసల్దాన్నై కూడా పెళ్ళికూతురు ఆలోచనలు చూడండి. పోనీలెండి. ఆలోచించుకున్నాను కదా, అదే చాలు."

"చాలదు. చాలదత్తా. మాస్టారూ, విన్నారా? విని కూడా అలా పీటమీద గోళ్ళతో గీకుతూ కూర్చుంటారేంటి?"

"ఏమనమంటావు సత్తెమ్మా?"

"నిజం అనమంటాను. మా సలోమికి సైన్సు చెప్పేది ఎవరండి?"

"నేనే."

"బోదకాలు పాఠం చెప్పేరా?"

"చెప్పేను."

"మా పిల్ల నూనె దీపం దగ్గర కూర్చుని బట్టీ పట్టింది, నాకూ వచ్చేసింది. దోమ కుడితే వస్తుంది. ఒకళ్ళనుంచి ఒకళ్ళకి ముట్టుకుంటే రాదు. రోగిని వెలివేయకూడదు, ఆదరించాలి. ఆఖరి ముక్క మీరే రాయించేరంట, పుస్తకంలో లేదంట. అది రాయకపోతే మార్కు తీసేస్తారంట. మరి మీకెన్ని మార్కులు తీయాలండీ?"

"నాకు అంటుకుంటుందన్న భయం లేదు సత్తెమ్మా. ఫైలేరియా వాళ్ళు రాత్రిపూట రక్తం తీయడానికి వస్తే ఇల్లిల్లూ తిప్పి చూపించేవాడిని నేనే. నాకా భయం?"

"భయం కాకపోతే మరేంటి?"

"ఏంటంటే ఏం చెప్పను?"

"కోడలా, వదిలెయ్యవే. పొయ్యిమీద ఎసరు చూడు, పో."

"ఎసరెక్కడికీ పోదు. ఏంటండి మాస్టారూ? పెద్దలొస్తున్నారనా? ఫోటో అనా? మెట్లనా? ఎండనా?"

"అసహ్యం."

"ఏమన్నారు?"

"విన్నావు కదా. అసహ్యం. చాలా? అదే నువ్వు నా నోట చెప్పించాలనుకున్నావు, చెప్పేను. పెద్దమ్మా, నన్ను క్షమించండి, మీ ఎదురుగా అనేసేను. ఆదివారం చీటీ నా చేతికొచ్చినప్పుడు నవ్వేను. మీవైపు చూసి తలూపేను కూడా. ఇంటికెళ్ళేక అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయేను. ముద్ద ఎత్తితే మీ కాలే కనపడింది."

"అయ్యో, అన్నం మానేసేరా బాబూ?"

"అంతటితో ఆగేనా? మన పెద్దల్లో యాకోబు దగ్గరికెళ్ళేను, చీటీ మార్చుకుందామని. ఎవరిదీ అన్నాడు. పేరు చెప్పేను. నడుం నొప్పి, నేను వంగలేను అన్నాడు. సూరిబాబుగారి తమ్ముడి దగ్గరికెళ్ళేను. ఆయన రేపు ఊళ్ళో ఉండడంట. వరసగా అందరినీ అడిగేను పెద్దమ్మా. మిగతా పదకొండుమంది పెద్దల్లో ఒక్కడూ మార్చుకోలేదు."

"అందర్నీ అడిగేరా? అంటే అందరికీ తెలుసన్నమాట."

"తెలుసు."

"యాకోబు కూడా వద్దన్నాడా? మొన్న గుడి దగ్గర నవ్వి పలకరించేడే, మామ్మా బాగున్నావా అని…"

"పెద్దమ్మా…"

"పోనీలెండి. నడుం నొప్పి నిజమేనేమో. వాళ్ళ నాన్నకీ ఉండేది."

"చివరికి అయ్యగారి దగ్గరికే వెళ్ళేను. ఆయన నాకంటే చిన్నవాడు, నేను ఏడ్చినంత పని చేసేను. ఆయన కోప్పడలేదు. 'మీరు కడగలేకపోతే నేను కడుగుతాను మాస్టారూ, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ మాట మీరే వెళ్ళి ఆవిడకి చెప్పండి. నేను చెప్పను' అన్నారు. ఆ మాట చెప్పడానికే వచ్చేను. అదీ నోట రాలేదు. నా బదులు ఇంకొకరు కడుగుతారు అని చెప్పడం కంటే మిమ్మల్నే రావద్దనడం తేలికైపోయింది. ఎండ అన్నాను, మెట్లన్నాను. చూసేరా ఎంత సులువుగా వచ్చేయో ఆ మాటలు!"

"పిల్లలకి పాఠాలు చెప్పే నోరు కదండీ, వస్తాయి."

"కోడలా, ఇంక చాలు. ఆయనే ఒప్పుకున్నాడు."

"ఒప్పుకుంటే అయిపోయిందా? నన్ను చెప్పనీ. రేపు నేను అత్తని తీసుకొస్తున్నాను మాస్టారూ. తలుపు పక్కన కాదు, ముందు కుర్చీలో కూర్చోబెడతాను. చీర మోకాలిదాకా నేనే ఎత్తుతాను. ఆ కాలు తీసి మీ పళ్ళెంలో నేనే పెడతాను. రాజమండ్రి పెద్దలు చూడాలి. ఫోటోవాడు తియ్యాలి. మీ పదకొండుమంది పౌడరు కాళ్ళ మధ్యలో ఈ కాలుండాలి. అప్పుడు లేచి నిలబడి అడుగుతాను, ఇందులో ప్రభువు దేన్ని కడుగుతాడో చెప్పండి అని. ఒక్కడు తలెత్తితే నన్ను సత్తెమ్మ అనకండి."

"నా కాలు నీ జెండా కాదు కోడలా."

"ఏంటత్తా?"

"జెండా కాదంటన్నాను. నువ్వు ఎత్తి ఊపడానికి. ఆయన నన్ను దాచేద్దామని వచ్చేడు, నువ్వు నన్ను ఊరేగిద్దామంటన్నావు. నన్నెవరూ అడగట్లేదు."

"నీకోసమే కదత్తా నేను…"

"నాకోసమే. కాదన్నానా?"

"పెద్దమ్మా, నేనడుగుతున్నాను. ఇప్పుడడుగుతున్నాను. రేపు మీకు రావాలని ఉందా?"

"ఉంది బాబూ."

"అయితే రండి."

"మీకు అన్నం సయించట్లేదు కదా."

"సయించకపోతే మానేస్తాను. రండి. కడిగేది నేనే. ఇంకెవరూ కాదు. అయ్యగారు కూడా కాదు."

"ఇప్పుడు ఇలాగే అంటారు. రేపు జొరమని కబురు పంపుతారు."

"అంటావు సత్తెమ్మా, అనే హక్కు నీకుంది. అందుకే నిన్నొకటి అడగాలనుకుంటున్నాను."

"నన్నా?"

"నువ్వు రోజూ కడుగుతున్నావు కదా మీ అత్తగారి కాలు. పేటంతా చెప్పుకుంటారు, మస్కట్ వాడి పెళ్ళాం అత్తని ఎలా చూసుకుంటుందో చూడండని. మా ఇంట్లో కూడా నిన్నే చూపించి చెప్తుంది మా ఆవిడ. నీకూ మొదట్లో నాలాగే ఉండి ఉంటుంది. ఎలా పోయింది అది? నాకు చూపించు."

"చూపించడమేంటండి?"

"ఇప్పుడు, ఇక్కడ. నువ్వు కడుగు, నేను పక్కన కూర్చుని చూస్తాను. కాలు ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ పట్టుకుంటే నొప్పి, నీళ్ళెంత వెచ్చన. నువ్వు సగం కడిగేక నేనందుకుంటాను. ఫోటో లేదు, పెద్దల్లేరు. ఇక్కడ నేను తడబడితే మీ ఇద్దరే చూస్తారు. రేపు తడబడను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఇప్పుడెందుకండి… చీకటి పడిపోతోంది."

"దీపం పెట్టు. దీపం లేదా?"

"ఉంది. ఎసరు పెట్టేనండి పొయ్యిమీద."

"దింపేసి రా. నేను కూర్చుంటాను."

"మా సలోమి వచ్చే వేళయింది. దానికి…"

"రానీ. వస్తే అదీ చూస్తుంది."

"అది కాదండి. అత్తకి… అత్తకి పొద్దున్నుంచీ ఒళ్ళు వెచ్చగా ఉంది. పున్నమి దగ్గర పడింది కదండీ, బోదకాలు జొరం వచ్చేలా ఉంది. ఇప్పుడు నీళ్ళు తగిలితే మంచిది కాదు."

"జొరమా? మీకు జ్వరంగా ఉందా పెద్దమ్మా?"

"నాకేం జొరం? నేను బాగానే… ఆ, ఆయ్, ఉందుంది. కాత్త వెచ్చగానే ఉంది. కోడలికి తెలుత్తాది నాకంటే ముందు."

"అయ్యో. అయితే తడపొద్దులెండి. నోటితో చెప్పు సత్తెమ్మా, నేను గుర్తు పెట్టుకుంటాను. నీళ్ళెలా ఉండాలి?"

"నీళ్ళు… బాగా మరగాలండి."

"మరగడమా? పుండు మీద మరిగిన నీళ్ళా?"

"మరగబెట్టి చల్లార్చాలి అంటాంది బాబూ. దానికి మాట తొందర. వేపాకు వేసి మరగబెడతాది, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగుతాది. మోచేత్తో చూసుకుంటాది, పసిపిల్లకి చూసినట్టు."

"సబ్బు రాయొచ్చా?"

"రాయొచ్చండి."

"పుండు దగ్గర రాయదులెండి. మంటని. పైనంతా రాత్తాది, పుండు చుట్టూ తప్పించుకుంటాది. కదా కోడలా?"

"…ఆ."

"తుడవడానికి గుడ్డ ఎలాంటిది సత్తెమ్మా? మా ఆవిడ తుండుగుడ్డలు మూడు ఉతికి పెట్టింది, అవి గరుకేమో. నీ గుడ్డ ఒకసారి తెచ్చి చూపించు, అలాంటిదే తెస్తాను."

"గుడ్డా… దండెం మీద ఉండాలండి."

"దండెం మీద మీ చీరలూ, సలోమి లంగా ఉన్నాయి. ఇంకేం లేదు."

"అయితే లోపల… లోపల గూట్లో…"

"చూర్లో ఉంది బాబూ, కుడిచేతి పక్క. ఇదే పెట్టింది. పని తొందరలో మర్చిపోతాది. పాత నేత చీర ముక్క, ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. మీరు కొత్త గుడ్డ తేకండి, పాతదైతే మంచిది."

"పాత గుడ్డ. సరే. మడతల్లో నీళ్ళు ఉండిపోతే పుండు పడుతుందంటారు, అక్కడెలా తుడుస్తావు?"

"…"

"సత్తెమ్మా?"

"దానికి చెప్పడం సిగ్గు బాబూ, నేను చెప్తాను. దీని చెయ్యి మెత్తన. తాడు పేనే చెయ్యి అంత మెత్తగా ఉంటాదని ఎవరనుకుంటారు? గుడ్డ వేలికి చుట్టుకుని ఒక్కో మడతా విడదీసి అద్దుతాది, రుద్దదు. ఏళ్ళ మధ్యన మరీ మెల్లిగా. పుండు దగ్గరికొచ్చేసరికి 'అత్తా, పళ్ళు బిగపట్టుకో' అంటాది. నేను ఊఁ అంటాను. 'అయిపోయింది, అయిపోయింది' అంటాది, అవ్వకుండానే అంటాది. ఆ మాటకే సగం తగ్గిపోతాది నాకు."

"అంత ఓర్పు ఎలా వచ్చింది సత్తెమ్మా నీకు?"

"అంతా అయ్యేకా, వెంటనే లెగిసిపోదు బాబూ. కాలు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటాది. ఏం మాటాడదు. కాలవ మీద గాలి వత్తంటాది. నా కాలు దాని ఒళ్ళో ఉంటాది. బరువు కదే అంటే, లేదత్తా అంటాది…"

"అత్తా, ఆపు."

"ఏం కోడలా? తప్పు చెప్పేనా?"

"ఆపమంటున్నాను."

"మాస్టారు నేర్చుకుంటానంటన్నారు కదమ్మా, పాపం…"

"నీకు దండం పెడతాను, ఆపు! మాస్టారూ, అదంతా అబద్ధం. నేనెప్పుడూ ముట్టుకోలేదు."

"ఏమంటున్నావు?"

"ముట్టుకోలేదు. ఈ ఇంట్లో కాలు పెట్టిన కాణ్నుంచీ ఒక్కసారీ ముట్టుకోలేదు. ఆ గుడ్డ చూర్లో ఉందని నాకు తెలీదు. నీళ్ళు కాచుకునేది ఆవిడే, కడుక్కునేది ఆవిడే. నేను పీచు గుంటకి వెళ్ళేకా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పెరట్లో గోడవైపు తిరిగి కడుక్కుంటుంది. నేను వచ్చేసరికి కడిగిన చోట పేడ నీళ్ళు కూడా చల్లేసి ఉంచుతుంది. నాకు అసహ్యమని తెలిసి."

"నేనేం అలా అనుకోలేదే…"

"అబద్ధాలాడకత్తా నాకోసం! ఆవిడ గుడ్డలు నేను కర్రతో ఎత్తుతానండి, చేత్తో కాదు. ఆవిడ చాప వేరు, కంచం వేరు. పేటలో వాళ్ళు నన్ను మెచ్చుకుంటే కాదు అనలేదు. మా ఆయన అమ్మ కాలెలా ఉందని అడిగితే నేను చూసుకుంటున్నాగా అన్నాను. మీరు చీటీ మార్చుకుందామని ఊరంతా తిరిగేరు, ఆ మాటైనా ఆవిడ ముందు ఒప్పుకున్నారు. నేనెవరినీ అడగలేదు, ఎవరితోనూ చెప్పలేదు. ఎదురుగా మిమ్మల్ని పీటమీద కూర్చోబెట్టి మార్కులు తీసేసేను."

"సత్తెమ్మా, నేను… నేను వెళ్ళొస్తాను."

"వెళ్ళకు బాబూ. కూర్చో. ఇప్పుడు నువ్వెళ్ళిపోతే ఇదొక్కత్తే మిగిలిపోతాది. ఇద్దరూ ఉండండి. ఇద్దరుంటే కాత్త నయం."

"ఇంకా నన్నే వెనకేసుకొస్తావేంటత్తా? తిట్టవేం? ఆ పళ్ళు బిగపట్టుకోమనడం, ఒళ్ళో పెట్టుకోవడం, అవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చేయి నీకు?"

"ఏమో. కడుక్కునేటప్పుడు అనుకుంటంటాను. ఒక్కదాన్నే కదా, పొద్దుపోవాలిగా."

"నేను ఎదురుగానే ఉన్నాను కదత్తా ఇన్నాళ్ళూ! ఒక్కసారి అనలేకపోయేవా, కడగవే అని?"

"నువ్వు కాదంటావని కాదమ్మా. కడుగుతావేమో, కడిగి రాత్రి అన్నం మానేత్తావేమోనని అన్లేదు. మాస్టారు మానేసేరు చూడు."

"మానేస్తే మానేస్తాను. ఇప్పుడను. మాస్టారి ముందే అను. 'సత్తెమ్మా, నా కాలు కడుగు' అను. నువ్వంటే తప్ప నా చెయ్యి లేవదత్తా. అను."

"ఇదిగో, ఏడవకు. మాస్టారు బాబూ, ఆ దీపం కాత్త వెలిగించి ఇటు పెట్టండి. సత్తెమ్మా, నా కాలు కడుగు. ముందు కుడికాలు కడుగమ్మా, అది బాగున్న కాలే. దాన్నీ ఎవరూ ముట్టుకోలేదు."